ఇటుక రంగు నెలవంక

"అడుగుతున్నది గోడల్ని కాదు, మిమ్మల్ని. ఇది ఎవరి పని?"

పెద్ద మేస్త్రి మళ్ళీ అడిగాడు. రేకుల కప్పు మీద ఏదో పిట్ట టకటకా నడిచి, కింద గాలి గిట్టనట్టు ఎగిరిపోయింది.

ఆయన ముందు ముసలమ్మ నిలబడి ఉంది. ముసలమ్మంటే డాక్టరమ్మ గారి పాత కారు. గుండ్రటి దీపాలు, బుంగమూతి, ఒళ్ళంతా ముదురాకు పచ్చ. షెడ్డుకి వచ్చిన రోజున ఎవరో సున్నం చల్లినట్టు పాలిపోయి వచ్చింది. నిన్న సాయంత్రానికి దాని బానెట్టులో కప్పు రేకుల మడతలన్నీ అద్దంలోలా కనిపించాయి. ఇవాళ అదే బానెట్టు మీద, ఎడమ పక్కన రేకు గట్టు తిరిగే చోట, పచ్చదనం చిరిగి లోపలి ఇటుక రంగు బయటపడింది. బొటనవేలంత మేర. నెలవంకలా ఒంపు తిరిగి.

అరగదీసి అరగదీసి రంగు అడుగున ఉన్న ప్రైమరు పూత దాకా పోయారన్నమాట.

"తనే కదా నాన్నా, వారం నుంచీ ఆ బానెట్టు పట్టుకుని వేలాడుతోంది," అన్నాడు కొడుకు.

వీధిలో అతన్ని చినమేస్త్రి అంటారు. మాట అనేసి, గోడకి వేలాడుతున్న స్ప్రే గన్ను తీసి దాని మూతి ఊది చూసుకున్నాడు. అందులో ఊదడానికేమీ లేదు.

కోడలు తలెత్తి మొగుడి వంక చూసింది. అతను చూడలేదు. 'తను' అన్న ఆ చిన్న మాట చెవికి ఎంత పరాయిగా తగిలిందంటే, ఎవరో పక్కవీధి మనిషి గురించి చెబుతున్నాడేమో అనిపించింది.

"నేను గట్ల మీద టేపు వేసే రుద్దాను మామయ్యా. చేత్తోనే రుద్దాను. నిన్న పొయ్యి దగ్గరికి వెళ్ళేముందు టేపు తీసి, తడిగుడ్డతో తుడిచి కూడా చూశాను. అప్పుడు ఇది లేదు."

"లేకపోతే దెయ్యం వచ్చి రుద్దిందా?" వంటింటి గుమ్మంలోంచి అత్త అందుకుంది.

ఆ ఇంట్లో వంటింటి తలుపు తీస్తే షెడ్డే. అత్త గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడితే చాలు, కాపురమూ వ్యాపారమూ రెండూ ఆమె కంటి కిందే ఉంటాయి.

"ముసలమ్మకి స్నానాలని, తైలాలని, మెత్తటి గుడ్డలని వారం నుంచీ చేసిన సేవ చేసిందే. అందులో పావు వంతు ఈ ముసల్దానికి చేసుంటే నా మోకాళ్ళు ఈపాటికి పరుగు పందెం కట్టేవి."

"నువ్వు లోపలికి పో," అన్నాడు పెద్ద మేస్త్రి, తల తిప్పకుండానే.

"లోపలే ఉన్నా. గుమ్మం దాటలేదు, చూసుకోండి."

ఆయన చూసుకోలేదు. కుడిచేతి బొటనవేలు తీసుకెళ్ళి ఆ నెలవంక మీద పెట్టాడు. కొంతకాలంగా ఆ చెయ్యి వణుకుతోంది. టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా తాగుతుంది, సగం ఆయన తాగుతాడు. కానీ రేకు మీద పెడితే మాత్రం ఆ వణుకు ఎక్కడికో పోతుంది. ఒక కొమ్ము నుంచి రెండో కొమ్ముకి వేలిని మెల్లగా జరిపాడు. మధ్యలో ఒక చోట వేలు ఆగింది.

ఆగడం కోడలు చూసింది. ఆమె చూసిందని ఆయనకీ తెలిసింది.

ఆయన లేచి, ప్యాంటుకి చెయ్యి తుడుచుకున్నాడు.

"రేపట్నించి నువ్వు షెడ్డులోకి రావద్దమ్మాయ్. ఇంట్లో పని చూసుకో."

తిట్టలేదు. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. తిట్టు అయితే పూటకి చల్లారుతుంది. ఇది తలుపు మూసి గడియ పెట్టినట్టుంది.

అత్త కూడా గరిటె దించేసి లోపలికి వెళ్ళిపోయింది.

*

ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకి ప్రైమరుకీ పుట్టీకీ తేడా తెలీదు. మొదట షెడ్డులోకి టీ తీసుకెళ్ళేది. తర్వాత రంగు గుడ్డలు ఉతకడానికి తెచ్చుకునేది. ఒకరోజు మామయ్యే పిలిచి, వానకీ ఎండకీ పాడైన ఒక కారు తలుపు మీద ఆమె చెయ్యి పెట్టించాడు.

"కళ్ళు మూసుకో. ఏం తెలుస్తోంది?"

"గరుగ్గా ఉంది మామయ్యా. పిండి చల్లినట్టు."

"అంతా అలాగే ఉందా?"

ఆమె చెయ్యి జరుపుకుంటూ పోయి, పిడి కింద ఆగింది. "ఇక్కడ లేదు. ఇక్కడ నున్నగా ఉంది. ఇది వేరే రంగు."

ఆయన పకపకా నవ్వాడు. "ఒరే! నీకు ఇన్నేళ్ళకీ అంతుపట్టనిది దీనికి ఒక్క పూటలో అంతుపట్టిందిరా!" అని కొడుకుని కేకేశాడు. కొడుకూ నవ్వాడు, పెదాలతో.

అప్పట్నించీ మొగుడి పాత చొక్కా ఒకటి వేసుకుని, జుట్టు ముడేసుకుని, వంట కాగానే షెడ్డులోకి వచ్చేసేది. వంటింట్లో ఆమె ఉప్పు ఎక్కువేసే మనిషి. పడగ్గదిలో ఆమె మాట తిరగేసే మనిషి. ఆ రేకుల కింద మాత్రం ఆమెకి పేరు పెట్టేవాళ్ళు లేరు. ఆ ఇంట్లో ఆమెకి దక్కిన చోటు అదొక్కటే.

అందుకే డాక్టరమ్మ ఈ కారు తెచ్చినప్పుడు ఆమె అంత ప్రాణం పెట్టింది.

"కొత్త రంగు వేయొద్దు," అని డాక్టరమ్మ దిగుతూనే తేల్చేసింది. "వేయించుకునేదాన్నయితే ఎప్పుడో వేయించుకునేదాన్ని. దీని రంగు దీనికే తిరిగి రావాలి. కడగండి, రుద్దండి, ఏమన్నా చెయ్యండి. డబ్బా మూత మాత్రం తియ్యొద్దు."

అని, సంచిలోంచి తెల్లటి చేతిరుమాలు తీసి, దానికి కాస్త పాలిష్ అంటించి, పాలిపోయిన బానెట్టు మీద గట్టిగా ఒక రుద్దు రుద్దింది. గుడ్డ పచ్చగా అయింది. కళ్ళద్దాలు తీసి ఆ పచ్చదనాన్ని చాలాసేపు చూసుకుంది.

"మా ఆయన సెలవురోజున దీన్ని కడిగి, ఇలా రుద్ది, గుడ్డ నాకు చూపించేవారు. చేతికి రంగు అంటుతోందీ అంటే అసలు రంగు ఇంకా బతికే ఉందని లెక్కట. కొత్త పూత అయితే పైన గాజులాంటి పొర ఉంటుందిట, గుడ్డ తెల్లగానే ఉండిపోతుందిట. ఆయన చేతులు ఎప్పుడూ పచ్చగానే ఉండేవి. ఆఖరి రోజున కూడా గోళ్ళ సందుల్లో ఉంది. నేనే తుడిచాను."

ఆ మాట విన్నాక కోడలు రంగు రుద్దే కరెంటు మెషిన్ వంక కూడా చూడలేదు. మెషిన్ మొగుడిది. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోడు. ఈ పాత రంగు మీద దాన్ని పెట్టొద్దని, పెట్టినా గట్ల దగ్గరికి పోనీయొద్దని, గట్టు మీద రంగు ఉల్లిపొరంత కూడా ఉండదని మామయ్య అందరి ముందూ చెప్పాడు. ఆమె పైకప్పు నుంచి కిందికి నురగతో కడిగింది. మెత్తబడిన పాత గుడ్డలతో, వేళ్ళు మండేదాకా, గుండ్రంగా, ఓపిగ్గా రుద్దింది. నిన్న మధ్యాహ్నం డాక్టరమ్మ ఇటుగా వెళుతూ ఆగి, బానెట్టు మీదికి వంగి చూసింది.

"ఇది ఎవరి చెయ్యి?"

"మా కోడలిదమ్మా," అన్నాడు పెద్ద మేస్త్రి, కాస్త గర్వంగానే.

"అయితే మిగతా కారంతా ఈ చెయ్యే పడాలి. ఇంకొకరిది వద్దు. రేపు తీరిగ్గా వచ్చి చూస్తాను."

చినమేస్త్రి అక్కడే ఉన్నాడు. ఆ కారు చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని బురద గీకుతున్నాడు.

*

పెరట్లో కుళాయి దగ్గర కోడలు గుడ్డలు ముందేసుకుని కూర్చుంది. ఏడుపు రావడం లేదు. ఏడుపు రావాలంటే ముందు తప్పు తనది కాదని నమ్మకం కలగాలి. అదే కలగడం లేదు.

టేపు సరిగ్గా అతుక్కోలేదేమో. వేలు గట్టెక్కిందేమో. తుడిచేటప్పుడు వెలుతురు తగ్గిందేమో. ఒక్కో గుడ్డనీ తిరగేసి చూసుకుంది. అన్నీ పచ్చవే. ఇటుక రంగు చుక్క ఒక్కటి లేదు. ప్రైమరు దాకా రుద్ది ఉంటే ఏదో ఒక గుడ్డ చెప్పి తీరాలి కదా!

సబ్బు కోసం నీళ్ళ డ్రమ్ము వెనక చెయ్యి పెట్టింది. సబ్బు పెట్టె తగల్లేదు. మెత్తగా, తడిగా ఇంకేదో తగిలింది.

బయటికి లాగింది. మెషిన్ మూతికి బిగించే గుండ్రటి స్పాంజి. ఎప్పుడూ షెడ్డు గోడకి మేకు మీద ఉండేది. ఎవరో పైపైన నీళ్ళకింద పట్టి, తడి ఆరకుండానే డ్రమ్ము వెనక కుక్కేశారు.

ఆమె స్పాంజిని కొద్దిగా నొక్కింది. మొదట తేటనీళ్ళు వచ్చాయి. ఇంకాస్త నొక్కింది. పచ్చనీళ్ళు. అంచు దగ్గర పట్టుకుని గట్టిగా పిండేసరికి, పచ్చదనం వెనకాలే, గాయం లోంచి వచ్చినట్టు, ఇటుక రంగు.

గచ్చు మీద ఆ రంగు పారుతుంటే ఆమె కళ్ళప్పగించి చూసింది. గుండె ఒకసారి తేలికైంది. ఆ వెంటనే, అంతకుముందు లేని బరువు వచ్చి కూర్చుంది. తప్పు తనది కాదు. సరే. మరైతే, పొద్దున స్ప్రే గన్ను మూతి ఊదుకుంటూ నిలబడ్డ ఆ మనిషితో తను కాపురం చేస్తోంది.

"ఏంటే అది?"

అత్త. చెంబు పట్టుకుని వెనకాలే నిలబడి ఉంది. ఎంతసేపైందో!

"చూడండి అత్తయ్యా. మీరే చూడండి."

అత్త గచ్చు చూసింది, స్పాంజి చూసింది, షెడ్డు వైపు చూసింది. చెంబులో నీళ్ళు తెచ్చి గచ్చు మీద కుమ్మరించింది. ఇటుక రంగు తూములోకి జారిపోయింది.

"కడిగెయ్ దాన్ని," అంది మెల్లగా.

"ఎందుకు కడగాలి?"

"స్పాంజి ఎందుకు కడుగుతారే? మురికైందని. కడిగి మేకుకి తగిలించు. నువ్వు చూళ్ళేదు, నేను చూళ్ళేదు."

"మీ అబ్బాయి చేసిన పనికి నన్ను షెడ్డు నుంచి వెళ్ళగొట్టారు అత్తయ్యా."

"వెళ్ళగొడితే ఎక్కడికి పోయావు? వంటింట్లోకే కదా. వంటింట్లో పులులేమీ లేవు, నేనున్నాను, అంతే." అని తన మాటకి తనే నవ్వబోయి, నవ్వు కుదరక మానేసింది. "చూడమ్మాయ్. వాడు చిన్నప్పట్నించీ అంతే. వాళ్ళ నాన్న ఇంకొకరిని మెచ్చుకుంటే వాడికి అన్నం సహించదు. అది తమ్ముడో స్నేహితుడో అయితే ఏదో అనుకోవచ్చు. పెళ్ళాన్ని మెచ్చుకుంటే ఎక్కడ పెట్టుకుంటాడు?"

"నేనెక్కడ పెట్టుకోవాలి?"

"నువ్వు కడగకపోతే నేనే కడుగుతా, అక్కడ పెట్టు," అని అత్త కుళాయి తిప్పింది.

కోడలు స్పాంజిని ఖాళీ బకెట్లో వేసి లేచింది. కడగలేదు. కడగనివ్వకుండా పట్టుకునీ కూర్చోలేదు. ఆ రెంటిలో ఏది చెయ్యాలన్నా ముందు అతని ముఖం చూడాలి.

*

అతను వీధి గుమ్మం మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. కట్టినవే విప్పి మళ్ళీ కడుతున్నాడు.

"స్పాంజి దొరికింది," అందామె.

తాళ్ళ మీద వేళ్ళు ఆగాయి.

"ఏ స్పాంజి?"

"డ్రమ్ము వెనక మీరు దాచిన స్పాంజి. దాచడం కూడా సరిగ్గా చేతకాలేదు మీకు."

అతను వీధిలోకి చూశాడు. ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"గట్టిగా మాట్లాడకు. జరిగిందేదో జరిగింది. గట్టు దగ్గర కొంచెం మసగ్గా ఉందనిపించింది. ఒక్క తిప్పు తిప్పి వదిలేద్దామనుకున్నా. అంతే."

"మసగ్గా లేదు. నేను తుడిచి చూశాను."

"నీకు తెలీదులే!"

"తెలుసు. నాకు తెలుసనే మీకు మంట."

అతను లేచి నిలబడ్డాడు. ఒక బూటు తాడు వేలాడుతూనే ఉంది. "అవును, మంటే. నేను ఈ షెడ్డులో పాకాను, నడిచాను, పళ్ళూడగొట్టుకున్నాను. నిన్నగాక మొన్న వచ్చావు నువ్వు. ఆవిడొచ్చి, 'ఇంకొకరి చెయ్యి వద్దు' అంటుంది. ఎవరా ఇంకొకరు? నేను! చక్రాల కింద బురద గీక్కుంటూ విన్నాను. మా నాన్న, కాదమ్మా మా అబ్బాయి కూడా చేస్తాడు అని ఒక్క మాట అన్నాడా?"

ఆ మాటలో నిజమైన నొప్పి ఉంది. అది ఆమెకి తెలిసింది. తెలిసినందుకే ఇంకా చేదుగా ఉంది.

"ఆ మాట మీ నాన్నతో అనాల్సింది. నన్నెందుకు ముందుకు తోశారు?"

"నిన్నయితే నాలుగు తిట్టి ఊరుకుంటాడనుకున్నా. నన్నయితే..."

"నిన్నయితే?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. ఇద్దరికీ వినపడింది. ఇద్దరూ దాన్ని దాటిపోలేదు.

"వెళ్ళి చెప్పు మరి," అన్నాడు చివరికి. "వెళ్ళి మీ మామయ్యకి చెప్పు. చెప్పి ఈ ఇంట్లో ఎలా ఉంటావో నేనూ చూస్తా."

"ఆయనకి తెలుసు," అందామె.

అతని ముఖంలో రంగు పోయింది. ఆ సంగతి అతనికి ఇప్పటిదాకా తట్టలేదు.

*

"అమ్మాయ్! ఒకసారిలా రా!"

షెడ్డులోంచి కేక. రావద్దని ఇంకా పూట కూడా గడవలేదు.

పెద్ద మేస్త్రి ఒక రేకు ముక్క మీద రంగు కలుపుతున్నాడు. పసుపు, నీలం, చిన్న పుల్లతో నలుపు. చెయ్యి వణికి నలుపు ఎక్కువ పడింది. తుడిచేసి మళ్ళీ కలిపాడు. మళ్ళీ ఎక్కువ పడింది. రేకుకి ఆనించినప్పుడు ఆగే చెయ్యి, గాలిలో ఉంటే ఆగదు.

"రేపట్నించి కదా రావద్దన్నారు," అంది కోడలు గుమ్మంలో ఆగి. "ఇవాళ్టికి ఇంకా రావచ్చన్నమాట."

"ఎత్తిపొడుపులు తర్వాత. ఇది కలుపు. గోరంత మచ్చ. నువ్వు దిద్దితే ఎవరికీ తెలీదు."

"డాక్టరమ్మ వద్దన్నది ఇదే కదా మామయ్యా."

"ఆవిడకి చూపు ఆనదు."

"గుడ్డకి చూపుతో పనిలేదు."

ఆయన పుల్ల కింద పెట్టాడు.

"మీ వేలు ఆగింది పొద్దున," అందామె. "నేను చూశాను. చేత్తో అరిగితే పళ్ళెం అంచులా పలచబడుతూ పోతుంది. ఇది చాకుతో కోసినట్టుంది. మెషిన్ వాల్చి పెడితేనే అలా కోస్తుంది. ఇది నాకు చెప్పింది మీరే."

"చెప్పాను," అన్నాడు ఆయన. "అక్కడే చేశాను పొరపాటు."

షెడ్డులో థిన్నర్ వాసన. ఆ వాసనంటే ఆమెకి ఇష్టం. ఇప్పుడు ముఖం పక్కకి తిప్పుకుంది.

"కూర్చో," అన్నాడు. ఆమె కూర్చోలేదు. "నీ పేరు పోతే ఈ నాలుగు గోడల మధ్య పోతుందమ్మాయ్. వాడి పేరు పోతే వీధిలో పోతుంది. రేపు నేను లేకపోతే ఈ షెడ్డు ముందు నిలబడేది వాడు. గట్టు మీద మెషిన్ పెట్టినవాడని తెలిస్తే, సైకిల్ కూడా ఇవ్వరు వాడి చేతికి. ముసలమ్మ లాంటి బండి ఈ గుమ్మం తొక్కుతుందా?"

"బోర్డు మీద నా పేరు రాయమని ఎప్పుడైనా అడిగానా? పని చెయ్యనివ్వమన్నాను. అంతేగా."

"చెయ్యనిస్తాను." ఆయన గొంతు తగ్గింది. "నువ్వీ మచ్చ దిద్దు. డాక్టరమ్మ బండి తీసుకుపోనీ. కొన్నాళ్ళు పోయాక నేనే పిలుస్తాను. మళ్ళీ నీ చొక్కా, నీ గుడ్డలు, నీ చోటు. నేను మాట తప్పను, నీకు తెలుసు."

ఇదన్నమాట బేరం. అబద్ధానికి తన చేత్తోనే రంగు వేస్తే, తన చోటు తనకి. వేయకపోతే వంటిల్లు.

బేరం సిగ్గులేనిదే. ఆమె చేతులు మాత్రం ఆ సిగ్గు పట్టించుకోలేదు. రేకు ముక్క అందుకున్నాయి. నలుపు పుల్ల కొసతో ముట్టించాయి. పసుపు ఒక చుక్క. కలిపేసరికి అచ్చం ముసలమ్మ పచ్చ. ఆయన ఆ పచ్చ చూసి కళ్ళు మూసుకున్నాడు, మంచి పాట విన్నవాడిలా.

పెరట్లో కుళాయి ఇంకా పారుతున్న చప్పుడు. అత్త కడిగేస్తోందన్నమాట. అయిపోయింది.

ఆమె సన్నటి కుంచె ముంచి నెలవంక మీదికి వంగింది. కుంచె కొస ఇటుక రంగుకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఒక్క గీత. తర్వాత ఇది ఎవరి తప్పూ కాదు, అందరి తప్పూ అవుతుంది.

"మేస్త్రీ! ఉన్నారా?"

గేటు కిర్రుమంది. పెద్ద మేస్త్రి దగ్గర్లో ఉన్న తడిగుడ్డ లాగి మచ్చ మీద పడేశాడు.

*

డాక్టరమ్మ చేతికర్ర పక్కన పెట్టి, కారు చుట్టూ తిరిగింది. చినమేస్త్రి ఆమె వెనకాలే లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

"దీన్ని మీరు ముసలమ్మ అంటున్నారట, వీధిలో విన్నాను. నా తోటిది. జాగ్రత్తగా పిలవండి." నవ్వింది. ఆ నవ్వు బానెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. "ఈ తడిగుడ్డ ఏంటి మేస్త్రీ? రుద్దిన రంగు మీద తడి వదిలేస్తావా నువ్వు?"

ఆమే గుడ్డ ఎత్తింది.

నెలవంక చూసింది. కళ్ళద్దాలు తీసింది, తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ చూసింది. తర్వాత కోడలి చేతిలో ఉన్న పచ్చటి కుంచె చూసింది.

"దిద్దేద్దామనుకున్నారన్నమాట," అంది. "నాకు చెప్పకుండా."

"మా ఆవిడ చెయ్యి జారిందండీ," అన్నాడు చినమేస్త్రి గబగబా. "ఆడవాళ్ళు కదా, ఎక్కడ ఆపాలో తెలీదు. మేం చూసుకుంటాం, మీకు తెలీనే తెలీదు చూడండి..."

డాక్టరమ్మ అతని వైపు తిరగలేదు. "అమ్మాయీ, నీ చెయ్యేనా ఇది?"

పొయ్యి దగ్గర చోటు, కుళాయి దగ్గర చోటు, ఈ రేకుల కింద చోటు, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళ ముందు తిరిగాయి. ఔనంటే షెడ్డు ఉంటుంది. ఎప్పటికో పిలుస్తాడు మామయ్య.

"కాదండీ," అంది.

ఆ మాట తనకంటే ముందే నోటిలోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

"మరెవరిది?"

కోడలు మొగుడి వైపు చూసింది. చివరిసారి. అతను చెప్పాలి. ఇప్పుడు చెబితే, అన్నీ మర్చిపోవచ్చు. అతను నేల చూస్తున్నాడు.

"నాదమ్మా."

పెద్ద మేస్త్రి.

"నా చెయ్యే. మెషిన్ పెట్టాను, ఆపుకోలేకపోయాను. పిల్లలకి తెలీదు."

డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, నాడి చూసినట్టు ఆయన మణికట్టు పట్టుకుంది. చెయ్యి ఆకులా ఊగుతోంది.

"ఈ చెయ్యా?"

"ఈ చెయ్యేనమ్మా."

"ఇలాంటి చేత్తో మెషిన్ పట్టావా! అయితే ఇంకే బండి మీదా ఈ చెయ్యి వేయకు మేస్త్రీ. నీ దగ్గరికి నేను పంపిన వాళ్ళందరికీ నేనే చెబుతాను. చెప్పాలి. ఆయన రంగు ఇక రాదు కదా! డబ్బాలో దొరికేది కాదు కదా అది!"

పెద్ద మేస్త్రి తల ఊపాడు. ఒక జీవితం పాటు ఆ చేతికి వచ్చిన పేరు, అలా నిలబడ్డచోటే రాలిపోయింది. కొడుకు ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి చప్పుడు కోడలికి వినపడింది.

ఇప్పుడు నిజం చెబితే ఆయన అబద్ధాలకోరు. చెప్పకపోతే ఆయన చేతకానివాడు. ఎంత తెలివిగా దాచాడు కొడుకుని! పొద్దున కోడలి వెనక, ఈసారి తన వెనక దాచుకున్నాడు.

"ఆ చెయ్యి కాదు."

వంటింటి గుమ్మంలో అత్త. ఈసారి గుమ్మం దాటింది. మోకాళ్ళు పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, చేతిలోని బకెట్టు డాక్టరమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది.

"కడగలేదు," అంది కోడలితో. "కుళాయి ఊరికే వదిలేసి కూర్చున్నా."

"అమ్మా!" అన్నాడు చినమేస్త్రి.

"నోర్ముయ్. దాన్ని అన్నప్పుడు ఊరుకున్నాను. మీ నాన్న చేతిని అంటే ఊరుకోను." డాక్టరమ్మ వైపు తిరిగింది. "నాకీ పనులు తెలీవమ్మా, ఆ మెషిన్ ఆయన ముట్టుకోరని మాత్రం తెలుసు. ఇందులో ఏముందో దీనికే తెలుసు. దీన్నడగండి."

కోడలు బకెట్లోకి చూసింది. గుండ్రటి స్పాంజి, తను ఎలా వేసిందో అలాగే ఉంది. ఇందాక మొగుడు తన చేతిని అన్నప్పుడు ఈ బకెట్టు కుళాయి దగ్గరే ఉండిపోయింది. ఆయన చేతిని అనేసరికి నడిచి వచ్చింది. ఆ సంగతి ఎప్పటికీ మర్చిపోదు తను.

"నువ్వు చెప్పమ్మాయీ, ఏంటిది?" డాక్టరమ్మ తన తెల్లటి చేతిరుమాలు తీసి, బానెట్టు మీద పరిచింది. "దాచేది ఉంటే వద్దు. చూపించేది ఉంటే ఇక్కడ చూపించు."

కోడలు కుంచె పక్కన పెట్టింది. వంగి స్పాంజి తీసింది. దాన్ని తెల్లటి గుడ్డ మీదికి పట్టుకుంది. వేళ్ళ మధ్య తడి కదిలింది.

ఎదురుగా పెద్ద మేస్త్రి. ఆయన చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని వణుకుతున్నాయి. పొద్దున ఆమె చూడడం చూసి కూడా చూడనట్టు తిరిగిన ఆ కళ్ళు, ఇప్పుడు ఆమె మీంచి కదలడం లేదు.

"పిండమంటారా, మామయ్యా?" అందామె.